తాగుడు మానినవాడికి తోడెవరు?

మద్యపానాన్ని గురించి మన సభల్లోనూ మన పత్రికల్లోనూ జరిగిన చర్చ తక్కువేమీ కాదు. అయితే ఆ చర్చ యావత్తూ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతూ వచ్చింది. మద్యం అమ్మి లాభం గడిస్తున్నవాడెవడు? ఆ అమ్మకాన్ని ఆపించేదెవరు? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అభ్యుదయవాదులు అడగవలసిన ప్రశ్నలే. కాని వీటి వెనక మూడో ప్రశ్న ఒకటున్నది. తాగుడు మానిన మనిషి మర్నాటి సాయంత్రం ఎక్కడికి పోవాలి? ఎవరి పక్కన కూర్చోవాలి?

ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది. మద్యవిముక్తి ప్రయత్నాల జయాపజయాలు మాత్రం చాలావరకు దీనికి చెప్పిన జవాబును బట్టే తేలాయని నా అభిప్రాయం. ఒంటరిగా మాని నిలబడినవాళ్లు లేకపోలేదు. అయితే ఒంటరిగా నిలబడలేక మళ్లీ దుకాణం దారి పట్టినవాళ్లు మన వీధివీధినా ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లనీ, మాట మీద నిలవనివాళ్లనీ అనడం తేలిక. వాళ్లకు లోపించినది మనోబలమా, తోడా అన్నది చరిత్రను అడిగి తెలుసుకోవలసిన విషయం.

ముందు మన సంగతే చూద్దాం. చట్టం ద్వారా మద్యాన్ని అరికట్టే ప్రయత్నం మనకు కొత్త కాదు. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం అవతరించిన మరుసటి సంవత్సరమే, 1954 నవంబరులో, మద్యనిషేధ విధానం మీద వచ్చిన అవిశ్వాసంతోనే ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. 1997లో అది పోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకున్నది. 2024లో మళ్లీ ప్రైవేటు వ్యాపారులకు అప్పగించింది. చట్టం వల్ల మేలు లేదని నేననను. అంగడి ఎంత దూరమైతే అంత మంచిది. కాని కేవలం చట్టాన్ని నమ్ముకొని మానినవాడి భవిష్యత్తు ఖజానా లెక్కలను బట్టి మారుతూ ఉంటుంది. ప్రభుత్వానికి డబ్బు కావలసివచ్చిన రోజున వాడి ఇంటి ముందు దుకాణం మళ్లీ తెరుచుకుంటుంది.

ఇక ప్రజా ఉద్యమం. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు చేసిన పని గురించి మన పాఠకులకు విడిగా చెప్పనక్కరలేదు. అంతకుముందు ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేర సారాను పొట్లాలు కట్టించి పల్లెపల్లెకూ చేర్చింది. కూలి డబ్బు ఇంటికి రాకముందే అంగడికి చేరేది. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకుంటున్న కూలి స్త్రీలు తమ వాచకంలోనే సారా దుకాణాన్ని ఎదిరించిన ఆడవాళ్ల కథ చదివారు, చదివి ఊరుకోలేదు. దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఒక ఊళ్లో రగిలిన నిప్పు జిల్లాను, ఆపైన రాష్ట్రాన్ని అంటుకొని ప్రభుత్వాన్ని వంచింది. తెలుగు నేల మీద ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదంలో జరిగిన గొప్ప ప్రజా పోరాటాల్లో ఇది ఒకటి అనడంలో నాకు సందేహం లేదు.

అయితే ఆ పోరాటం తరవాత జరిగినదాన్ని మనం తగినంతగా పరిశీలించలేదు. పోరాటం ఆ స్త్రీలకు ఒక సంఘాన్ని ఇచ్చింది. రోజుకొక రూపాయి దాచుకొనే ‘పొదుపులక్ష్మి’ సంఘాలు నెల్లూరు జిల్లాలో అల్లుకున్నాయి. పదిమందో పదిహేనుమందో స్త్రీలు ఒకచోట కూర్చోవడం, ఒకరి కష్టం ఒకరు వినడం, ఒకరు రాకపోతే మరొకరు వెళ్లి పిలవడం అలవాటైంది. ఆ సంఘాలను తరవాత బాంకులూ ప్రభుత్వాలూ తమ అవసరాలకు వాడుకొన్న మాట నిజమే. అది వేరే చర్చ. పోరాటం చల్లారిన తరవాత కూడా చిన్న సంఘం అనే రూపం నిలిచిందన్నది ఇక్కడ ముఖ్యం. మరి ఆ స్త్రీల భర్తల మాటేమిటి? దుకాణం మూతపడడం తప్ప అంతటి నిర్మాణం వాళ్లకేదీ దక్కలేదు. అందుచేత దుకాణం తిరిగి తెరిచినప్పుడు స్త్రీలకు తమ సంఘం ఉన్నది. మగవాడికి మాత్రం తన పాత నేస్తాలే ఉన్నారు. ఇది ఆ స్త్రీల లోపం కాదు. దెబ్బలు తిన్నవాళ్లే కొట్టినవాడికి కాపలా కూడా కాయాలనడం అన్యాయం. ఆ పని మనందరిదీ.

ఇంతకూ దుకాణంలో ఏమున్నదని మనిషి అంత గట్టిగా అక్కడికి పోతాడు? మద్యం ఉన్నదన్నది సగం జవాబే. మిగతా సగాన్ని గురజాడ చూపించాడు. ‘కన్యాశుల్కం’లోని సారా దుకాణం రంగాన్ని మనం తరగతిలో హాస్యం కోసమే చెబుతూ ఉంటాం. కాని ఆ రంగంలో బైరాగి, హవల్దారు, తక్కినవాళ్లూ కలిసి కూర్చున్న తీరు చూడండి. అది ఒక సభ. అక్కడ వేదాంతం ఉన్నది, పాట ఉన్నది, గురువున్నాడు, శిష్యులున్నారు. బయట ఒకరి పక్కన ఒకరు కూర్చోనివాళ్లు అక్కడ కూర్చున్నారు. దుకాణం మద్యంతోపాటు సాహచర్యాన్ని కూడా అమ్ముతుందని గురజాడ కనిపెట్టాడు.

ఇదే విషయాన్ని ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు శ్రామికవర్గ స్థితిగతులను వర్ణిస్తూ శాస్త్రీయంగా చెప్పాడు. పొద్దస్తమానం మిల్లులో ఒళ్లు హూనం చేసుకొని, తేమకొట్టిన ఇరుకు గదికి తిరిగివచ్చే కార్మికుడికి తోటివాళ్లను కలుసుకోడానికి మద్యశాల తప్ప మరోచోటు లేదని ఆయన గుర్తించాడు. తాగుడును కార్మికుడి దుర్గుణంగా కాక, అతణ్ణి అలా బతకనిచ్చిన వ్యవస్థ నేరంగా చూశాడు. మన విద్యార్థులకు ఈ మాట బాగా రుచిస్తుంది. వ్యవస్థ మారితే తాగుడు దానంతటదే పోతుందని వాళ్లు వాదిస్తారు. ఆ వాదానికి తరవాత వస్తాను. ఎంగెల్స్ మాటలో ఇమిడి ఉన్న మరో అర్థాన్ని ముందు గమనించాలి. మద్యశాల తీరుస్తున్నది తోడు కోసం పడే ఆకలి అయితే, ఆ ఆకలిని తీర్చగల మరోచోటు కల్పించనిదే మనిషిని అక్కడినుంచి రప్పించలేం.

ఆశ్చర్యమేమంటే, ఎంగెల్స్ ఆ పుస్తకం ప్రకటించడానికి ఐదేళ్ల ముందే అట్లాంటిక్ ఆవలి ఒడ్డున కొందరు పనివాళ్లు ఆ మరోచోటును తమంతట తామే కట్టుకొన్నారు.

1840 ఏప్రిల్‌లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, చేజ్ అనే అతని మద్యశాలలో ఆరుగురు మిత్రులు తాగుతూ కూర్చున్నారు. ఒకడు దర్జీ, ఒకడు వడ్రంగి, ఇద్దరు కమ్మరి పనివాళ్లు, ఒకడు బండ్లు చేసేవాడు, ఒకడు వెండి పనివాడు. ఆ ఊళ్లో ఎవరో మద్యపానానికి వ్యతిరేకంగా ఉపన్యసిస్తున్నారంటే, సంగతేమిటో చూసిరమ్మని తమలో కొందరిని పంపారు. వెళ్లినవాళ్లు తిరిగివచ్చి చెప్పినదాని మీద వాదోపవాదాలు సాగాయి. చివరకు ఆరుగురూ కలిసి, మద్యం ముట్టబోమని ఒక ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాలు చేశారు. తమ సంఘానికి జార్జి వాషింగ్టన్ పేరు పెట్టుకొన్నారు. కొన్నాళ్లు ఆ మద్యశాలలోనే సమావేశమయ్యారు. బేరం పోగొడుతున్న ఈ సంఘం అంగడివారికి గిట్టకపోవడంలో వింత లేదు. అప్పుడు సమావేశాలు ఒక వడ్రంగి పనిశాలకు మారాయి.

ఈ సంఘం విశిష్టత అర్థం కావాలంటే అంతకుముందు జరిగినదాన్ని తెలుసుకోవాలి. 1826లో బోస్టన్‌లో పుట్టిన మద్యవర్జన సంఘానికి మతాచార్యులూ పెద్దమనుషులూ నాయకులు. తాగనివాడు తాగుబోతు కాకుండా చూడడమే వాళ్ల లక్ష్యం. తాగుబోతుల మీద వాళ్లకు ఆశ లేదు. వాళ్లెలాగూ త్వరలో చచ్చిపోతారనీ, దానితో దేశానికి పీడ విరగడవుతుందనీ ఆ నాయకుల్లో కొందరు బాహాటంగానే భావించారు. దానధర్మాల ముసుగులో ఉన్న వర్గ దృష్టి ఇదే. బాల్టిమోర్ పనివాళ్లు దీన్ని తలకిందులు చేశారు. మునిగినవాణ్ణి ఒడ్డుకు చేర్చడం మునిగి తేలినవాడికే బాగా తెలుసునన్నారు. వాళ్ల సమావేశంలో ఉపన్యాసం లేదు. ఒక్కొక్కడూ లేచి తన కథ చెప్పేవాడు. వారం వారం కలిసేవారు. ప్రతి సభ్యుడూ మరొక తాగుబోతును వెంటబెట్టుకొని రావాలి. కొత్తగా వచ్చినవాడికి బట్ట లేకపోతే బట్ట, పని లేకపోతే పని చూసేవారు. జాన్ హాకిన్స్ అనే టోపీల పనివాడు ఆ ఏడే సంఘంలో చేరి, 1841లో న్యూయార్కులోనూ బోస్టన్‌లోనూ వేలాదిమంది ముందు తన పతనాన్నీ తన విముక్తినీ వివరించాడు. అదే ఏడు స్త్రీలు మార్తా వాషింగ్టన్ సంఘాలను స్థాపించి, తాగుబోతుల కుటుంబాలకు తిండీ గుడ్డా సమకూర్చారు. తాగుడుకు లోబడిన స్త్రీలను కూడా దగ్గరికి తీశారు.

1842 ఫిబ్రవరి 22న స్ప్రింగ్‌ఫీల్డులో ఈ సంఘం వారి సభలో ముప్పైమూడేళ్ల యువ న్యాయవాది ఒకడు మాట్లాడాడు. అతడే అబ్రహాం లింకన్. పాత ప్రచారకులకు ప్రజలతో చుట్టరికం లేదనీ, తాగుబోతును శపిస్తే వాడు దగ్గరికి రాడనీ, స్నేహంగా నచ్చజెబితేనే వస్తాడనీ ఆయన అన్నాడు. తాగుడు పాలబడనివాళ్లు అందుకు గర్వించవలసినదేమీ లేదనీ, వాళ్లకు ఆ వ్యసనం కలగకపోవడమే కారణం గాని వాళ్ల బుద్ధి గొప్పతనం కాదనీ కూడా అన్నాడు. ఈ మాట కొందరు మతపెద్దలకు నచ్చలేదు. మనలో కూడా కొందరికి నచ్చదేమో!

ఇంత ఉద్ధృతంగా లేచిన ఉద్యమం 1840ల చివరికల్లా దాదాపు కనిపించకుండా పోయింది. ఎందుకు? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి, సంఘం ప్రదర్శనగా మారింది. పదిమంది కూర్చొనే పనిశాల పోయి వేలమంది చప్పట్లు కొట్టే మైదానం వచ్చింది. ఆ చప్పట్ల మధ్య సంతకం పెట్టినవాడు మరుసటి వారం వచ్చాడా లేదా అని చూసేవాడు లేకపోయాడు. రెండు, మద్యనిషేధ చట్టం కావాలా, నచ్చజెప్పడం చాలా అన్న వివాదం సంఘాలను చీల్చింది. 1842లో న్యూయార్కులో పుట్టిన ‘సన్స్ ఆఫ్ టెంపరెన్స్’ వంటి సంఘాలు నియమాలతో, చందాలతో, జబ్బుపడినవాడికి సహాయంతో కట్టుదిట్టంగా ఉండడం వల్ల సభ్యులు అటు మళ్లారు. మూడు, సమాజంలోని చీలికలు సంఘాన్ని వదలలేదు. 1842 ఆగస్టు 1న ఫిలడెల్ఫియాలో మద్యవర్జన ఊరేగింపు తీసిన నల్లజాతి వారి మీద తెల్ల మూకలు దాడి చేసి, వారి సభామందిరాన్నీ చర్చినీ తగలబెట్టాయి. మద్యం ముట్టని నల్లవాడు కూడా వాళ్ల కళ్లకు నల్లవాడే. కులాన్ని బట్టి పేటలూ కుర్చీలూ విడిపోయిన మన దేశంలో ఈ పాఠం మనకు మరింత దగ్గరిది.

ఆ అనుభవం వృథా కాలేదు. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారీ, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడూ కలుసుకొన్నారు. ఇద్దరూ తాగుడుకు బానిసలే. మరో తాగుబోతుతో మాట్లాడుతున్నంతసేపూ తనకు తాగాలనే తహతహ తగ్గుతున్నదని విల్సన్ కనిపెట్టాడు. వైద్యుడు చివరిసారి తాగిన 1935 జూన్ 10ని ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ జన్మదినంగా లెక్కిస్తారు. బాల్టిమోర్ సంఘం పతనాన్ని వీళ్లు శ్రద్ధగా పరిశీలించారు. 1950లో ఆమోదించిన తమ నియమాల్లో రాజకీయ వివాదాల్లో తలదూర్చరాదనీ, బయటివాళ్ల డబ్బు ముట్టరాదనీ, పేరుప్రతిష్ఠల కోసం పాకులాడరాదనీ రాసుకొన్నారు. చేరడానికి అర్హత ఒక్కటే: తాగుడు మానాలన్న కోరిక.

ఈ సంఘం మాట ఎత్తగానే మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. అందులో దైవశక్తి ప్రసక్తి ఉన్నది. తన జబ్బు వెనక ఉన్న మద్యం వ్యాపారాన్ని అది ప్రశ్నించదు. ఈ విమర్శ సబబే. కాని విమర్శ సబబైనంత మాత్రాన ఫలితాన్ని కాదనకూడదు. 2020లో ప్రకటితమైన కొక్రేన్ సమీక్షలో పరిశోధకులు 27 అధ్యయనాలను, 10,565 మంది రోగుల వివరాలను పరిశీలించారు. రోగులను ఈ సంఘాలతో కలిపి నిలిపే చికిత్స పొందినవారిలో, ఏడాది తరవాత పూర్తిగా మద్యం మానినవారు నూటికి 42 మంది. ఇతర చికిత్సలు పొందినవారిలో 35 మంది. తేడా బ్రహ్మాండమైనదేమీ కాదు, అయినా నిజమైనది. ఖర్చు దాదాపు లేని చోట ఆ ఏడుగురూ చాలా ఎక్కువ. ఈ ఫలితానికి కారణం దేవుడా, పక్క కుర్చీలో కూర్చున్న మనిషా అని నన్నడిగితే, నేను మనిషి వైపే మొగ్గుతాను.

ఇక మన విద్యార్థుల వాదానికి వద్దాం. వ్యవస్థ మారితే తాగుడు పోతుందా? యుగోస్లావియాలో వ్యవస్థ మారింది, తాగుడు పోలేదు. ఈ సత్యాన్ని దాచకుండా ఒప్పుకొని పనిలోకి దిగినవాడు జాగ్రెబ్ నగరంలోని మానసిక వైద్యుడు వ్లాదిమిర్ హుదోలిన్. 1964లో ఆయన చికిత్స పొందినవారి కోసం ఒక క్లబ్బును ప్రారంభించాడు. దాని పద్ధతి వేరు. అక్కడికి తాగేవాడు ఒక్కడే రాడు; భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ వస్తారు. తాగుడు ఇంట్లో అందరి బతుకునూ మలిచిన అలవాటు గనక, మార్పు కూడా అందరూ కలిసి తెచ్చుకోవాలన్నది సిద్ధాంతం. సమావేశం వారానికొకసారి. క్లబ్బులో పన్నెండు కుటుంబాలకు మించరాదు. మించితే రెండుగా చీలాలి. ఆ విధంగా సంఖ్య పెరిగినకొద్దీ క్లబ్బులు పెరుగుతాయే గాని మనుషులు గుంపులో తప్పిపోరు. బాల్టిమోర్ మైదానంలో పోయినది ఇక్కడ నియమంగా తిరిగివచ్చింది. 1979లో ఈ పద్ధతి ఇటలీలోని త్రియెస్తెకు చేరి, అక్కడినుంచి ఆ దేశమంతా వ్యాపించింది. యుగోస్లావియా చీలిపోయింది, క్లబ్బులు మిగిలాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సంఘం వైద్యానికి బదులు కాదు. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. మొదటి రోజుల్లో ఆసుపత్రి కావాలి, మందులు కావాలి. వైద్యుడి పని కొద్ది వారాలు; సంఘం పని ఆ తరవాతి ఏళ్లు.

ఈ చరిత్ర అంతా తిరగేసిన మీదట నాకు తోచినదిది. నిలిచిన ప్రతి ప్రయత్నంలోనూ నాలుగు లక్షణాలున్నాయి: చిన్న సంఖ్య, తప్పని వారం, అదే జబ్బు అనుభవించినవాడి మాట, రానివాడి ఇంటికి వెళ్లి తలుపు తట్టే మనిషి. వీటిలో ఏదీ డబ్బుతో కొనేది కాదు. ఏదీ మనకు తెలియనిదీ కాదు. అధ్యయన బృందాలనూ, కార్మిక సంఘాల శాఖలనూ, గ్రంథాలయాలనూ మనం ఈ లక్షణాలతోనే నడిపాం. నెల్లూరు స్త్రీలు తమ పొదుపును ఈ లక్షణాలతోనే నిలుపుకొన్నారు.

మరి మనం ఈ పనికి ఎందుకు పూనుకోలేదు? తాగేవాడి పట్ల మన సంస్కృతికి రెండే వైఖరులున్నాయి. కూలివాడు తాగితే ఛీకొడతాం. కవి తాగితే, నాయకుడు తాగితే, 1953 నాటి ‘దేవదాసు’ చిత్రం చూసినట్టు అందులో ఒక విషాద సౌందర్యం వెతుక్కుంటాం. మొదటివాడికి తిట్టు దొరుకుతుంది. రెండోవాడికి సంస్మరణ సభ దొరుకుతుంది. ఇద్దరికీ తోడు మాత్రం దొరకదు. మన సాహిత్య రంగంలోనే ఎందరి గొంతులు ఈ విధంగా అర్ధాంతరంగా ఆగిపోయాయో లెక్క తీస్తే మనకు తల ఎత్తుకొనే ధైర్యం ఉండదు.

దుకాణాల మీద పోరాటం ఆగవలసిన పని లేదు. మద్యం ఆదాయం మీద బతికే ప్రభుత్వాలను నిలదీయక తప్పదు. కాని దానితోపాటు, ప్రతి సంఘ కార్యాలయంలోనూ వారానికొక సాయంత్రం ఒక గది తెరిచి ఉంచవచ్చు. ప్రతి కళాశాల ఉపాధ్యాయ సంఘమూ అటువంటి గది ఒకటి చూపవచ్చు. అక్కడ కులం అడగకూడదు, దేవుణ్ణి అడగకూడదు, నిన్న తాగావా అని వెక్కిరించకూడదు. ఇంటివాళ్లకు కూడా చోటుండాలి. వచ్చినవాడు మానలేక మళ్లీ తాగితే తలుపు మూయకూడదు. మరుసటి వారం వాడి ఇంటికి ఇద్దరు వెళ్లాలి. బాల్టిమోర్‌లో ఆరుగురు పనివాళ్లు ఒక వడ్రంగి పనిశాలలో చేసినది ఇంతే. చదువుకున్న మనం అంతపాటి పని చేయలేమా?